చివరి రీలు చూడని ఊరు

తిరుత్తణిలో తమ్ముడు బతికాడు, తిరువళ్ళూరులో చచ్చిపోయాడు. సినిమా ఒకటే, తమ్ముడూ ఒకడే. పోయిన వారం మనం ఈ ముడి దగ్గరే ఆగి, టాకీసు గేటు ముందు నోరు తెరిచి నిలబడ్డ అమృతవల్లిని నిలబడ్డట్టే వదిలేశాం. పాపం, వారంగా ఆమె అలాగే ఉంది. కొత్తగా చదివేవారి కోసం నాలుగు ముక్కలు చెప్పి ఆమెను కదిలిద్దాం.

అమృతవల్లి నేతవారి కోడలు. మిషన్ స్కూల్లో ఎస్సెస్సెల్సీ దాకా చదివింది. కొండ కింద పొన్నుస్వామి టాకీసులో ఉదయం ఆటకు ఇంగ్లీషు బొమ్మ వేసినప్పుడల్లా, తెర పక్కన బల్ల ముందు కూర్చుని మైకులో కథ చెప్పడం ఆమె పని. తెర మీద దొరలు మాట్లాడుతుంటే ఒక మాట తెలుగులో, ఒక మాట అరవంలో విప్పి చెబుతుంది. దొరల పేర్లు మాత్రం చెప్పదు. పొదటూరుపేట నుంచి, పళ్ళిపట్టు నుంచి బస్సెక్కి వచ్చే ఆడవాళ్ళకు ఆ పేర్లు గుర్తుండవని, అక్క, తమ్ముడు, మామ, దొంగమామ అని వరసలు పెట్టేస్తుంది. చందమామ మీద కాపురముండే దొరలకైనా వరస తప్పదు.

నాలుగేళ్ళ కిందట అలా వచ్చిందే "కంచు పక్షులు". అసలు ఇంగ్లీషు పేరు ఎవరికీ నోరు తిరగక పోస్టరు మీద ఇలా రాశారు. చందమామ మీద అద్దాల గోపురం కింద జనం బతుకుతుంటారు. గోపురానికి పగులు పడితే అతకడానికి కంచుతో పక్షులు చేసుకున్నారు. వాటికి పిచ్చెక్కి మనుషులనే పొడవడం మొదలుపెడతాయి. ఆకాశంలో ఓడ నడిపే అక్క ఒకతె, ఆమెకు చిన్న తమ్ముడు. చివరికి అక్క ఓడ తలుపు మూసి, ఎక్కినవాళ్ళను బతికించుకుని వెళ్ళిపోతుంది. తమ్ముడు తలుపు బయట ఉండిపోతాడు.

అప్పట్లో రెండు ఊళ్ళకూ కలిపి ఒకటే ప్రింటు. తిరువళ్ళూరులో ముందు ఆడిన రీళ్ళను అమృతవల్లి మొగుడు, చేయి నొప్పని మగ్గం మానేసిన కోదండరామ, రైల్లో తిరుత్తణికి మోసుకొచ్చేవాడు. ఆ వారం పట్టాల పని జరిగి, చివరి రీలు ఒక్కనాడూ ఆట వేళకు అందలేదు. తెల్లటి తెర ముందు కూర్చుని ముగింపును అమృతవల్లి నోటితోనే చెప్పేది. తమ్ముడు బయట ఉండడం అక్క చూడలేదని, చూసి ఉంటే మూసేది కాదని, ఆ పిల్లవాడు చచ్చిన కంచుపక్షి కడుపులో దూరి బతికాడని. జనం ఏడ్చి, నవ్వి, మర్నాడు చుట్టాలను వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చారు.

ఇప్పుడు రెండో భాగం వచ్చింది. మొదటిది ఇక్కడ అంత బాగా ఆడిందని ఈసారి ముందు తిరుత్తణికే పంపారు. తమ ఊళ్ళో వేయాలా వద్దా తేల్చుకుందామని తిరువళ్ళూరు టాకీసు మేనేజరు ద్వారకనాథ్ మణవాళనగర్‌లోని ఇంటి నుంచి పొద్దున్నే బయలుదేరి వచ్చాడు. గేటు దగ్గర ఆడవాళ్ళ మాటలు విని అదిరిపడి అమృతవల్లిని అడిగాడు. "తమ్ముడు బతికినాడని నీకెవురు చెప్పినారమ్మా? మా ఊర్లో చచ్చిపోయినాడే!"

అదీ సంగతి. ఇక ఆమెను కదలనిద్దాం.

ఆ ముగింపు అమృతవల్లి కల్పించింది కాదు. తిరువళ్ళూరులో సినిమా మొత్తం చూసి వచ్చి, ఇక్కడి ఆటకు ముందునాటి సాయంత్రం తను నూలు కండెలు చుట్టుకుంటుంటే పక్కన కూర్చుని కోదండరామ చెప్పిందే. ఆ మాట అనేద్దామని నోరు తెరిచింది. అంతలో పొన్నుస్వామి గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి రావడం కనిపించింది. కోదండరామ కూడా ఆయన జీతగాడే. పేరు చెబితే ఇద్దరికీ కలిపి అక్షింతలు పడతాయని నోరు మూసుకుంది.

"చచ్చిపోయినాడా సార్? మీరు సరిగ్గా చూసినారా?" అని మాత్రం అడిగింది.

"ఏంది సరిగ్గా చూసేది? ఒక వారమంతా నా టాకీసులోనే గదా ఆడింది. ఆఖర్న అక్క ఓడలో ఒక మూల ఒంటరిగా కూచొని, తమ్ముడి నవ్వు టేపులో పెట్టుకొని వింటాది. అంతే, శుభం. హాలంతా ఒకటే ఏడుపు. మా ఇంట్లో ఆవిడ అయితే రెండు దినాలు అన్నం తినలేదు."

పొన్నుస్వామి ఈ మాటలన్నీ విన్నాడు. ఆయనకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది.

"ఎన్నమ్మా ఇది? నా టాకీసులో కూచొని పొయ్ చెప్పినావా, అబద్ధం కథ చెప్పినావా?" అన్నాడు మెల్లగా. "బస్సు చార్జీ పెట్టుకొని ఆడోళ్ళు వచ్చేది నీ మాట నమ్మి. ఈ పొద్దు తెర మీద తమ్ముడు చచ్చినాడని తేలితే, ఆ మైకు ఇంకొకరి చేతికి ఇస్తాను. ఇప్పుడే చెప్తా ఉండాను."

ఆ మైకు అమృతవల్లికి ఏమిటో మీకు చెప్పాలి. ఆ వీధిలో ఆమెను కోదండరామ పెండ్లామంటారు, గోవిందమ్మ కోడలంటారు, నిరుడు పాప పుట్టాక పాప అమ్మ అంటున్నారు. మైకు పట్టుకుంటేనే ఆమె అమృతవల్లి. సంతలో కూరగాయలవాళ్ళు కూడా "అమృతవల్లక్కా, వచ్చే వారం ఏం బొమ్మ?" అని అడుగుతారు. రోజంతా మగ్గం పనిలో నడుం విరిగినా, రేపు ఉదయం ఆట ఉందిలే అనుకుంటే ఆమెకు నొప్పి తెలియదు. ఆ ఒక్కటీ పోతే తనకు ఏం మిగులుతుందో ఆలోచించడానికి కూడా ఆమెకు ధైర్యం చాలలేదు.

ద్వారకనాథ్ మంచివాడే. తన మాట ఇంతదాకా తెస్తుందని అనుకోలేదు. ఆమె మనసు తేలిక చేయాలని నవ్వుతూ అన్నాడు. "బెంగపడొద్దమ్మా. రెండో భాగంలో ఎవురు బతికితే ఏంది, ఎవురు చస్తే ఏంది? రెండో భాగాలన్నీ మజ్జిగలో నీళ్ళే. ఒకటోది ఆడిందని దాన్నే పలచన చేసి మళ్ళీ పోస్తారు. మధ్యాహ్నానికి జనం అన్నీ మరిచిపోతారు."

అంత భయంలోనూ అమృతవల్లికి ఆ మాట నచ్చలేదు. సినిమా సంగతి వస్తే ఆమె ఊరుకునే మనిషి కాదు.

"సార్, మీరు మగ్గం దగ్గర ఎప్పుడైనా నిలబడినారా?" అంది.

"మా ఇంట్లో వాళ్ళది బట్టలంగడి. మేము నిలబడేది చీరల బీరువా దగ్గర."

"కొత్త పడుగు ఎక్కించినాక మొదట దిగే చీర చూడండి. నేసేవాడి మనసు సగం పోగులు అతికేదాంట్లోనే ఉంటాది. పోగు బిగిసిందా, రంగు కుదిరిందా, అంచు సరిగ్గా వస్తా ఉందా అని. అదే పడుగు మీద రెండో చీర పడేటప్పటికి చేయి కుదురుకుంటాది. అప్పుడు అడ్డం పేక పోగుతో ఏం ఆట ఆడాలన్నా ఆడొచ్చు. మా ఇండ్లల్లో మంచి చీర కావాలంటే రెండోదే తీసి పెట్టుకుంటాం."

"చీర వేరు, సినిమా వేరు."

"ఏం వేరు సార్? ఒకటోదాంట్లో అద్దాల గోపురం అంటే ఏంది, బయట ఊపిరి ఎందుకు ఆడదు, పక్షికి తాళం యాడ ఉండాది, ఇదంతా చెప్పేదానికే నాకు ఇంటర్వెల్ దాకా సరిపోయింది. అక్క మనసు చెప్పేదానికి నాకు వ్యవధి యాడ దొరికింది? ఇప్పుడు అదంతా జనానికి తెలుసు. పక్షి రెక్క కనబడితే చాలు, వాళ్ళే ఒళ్ళు దగ్గర పెట్టుకుంటారు. ఇంక నేను చెప్పాల్సింది మనుషుల సంగతే."

ద్వారకనాథ్ తల ఊపాడు గాని ఒప్పుకోలేదు. "చూద్దాం. నన్ను ఆ కుర్చీలోంచి ఒక్కసారి లేపి నిలబెట్టమను ఆ సినిమాను. మా ఊర్లో రెండు వారాలు వేస్తాను" అని లోపలికి వెళ్ళాడు. గంట మోగింది. గేటు దగ్గర కోదండరామ టిక్కెట్లు చించి లోపలికి వదులుతున్నాడు. అతనితో ఒక్క మాట మాట్లాడదామని చూసింది అమృతవల్లి. జనం మధ్య వీలు కాలేదు. దేవుణ్ణి తలుచుకుని మైకు ముందు కూర్చుంది.

సినిమా మొదలైంది. మొదటి భాగానికి ఇరవై ఏళ్ళ తర్వాతి కథ. అక్క జుట్టు నెరిసింది. ఆమె ఇప్పుడు పెద్ద ఓడకు పెద్ద. వెయ్యి కుటుంబాలను ఎక్కించుకుని ఇంకో లోకానికి పోతోంది. దారిలో కంచు పక్షులు ఎదురయ్యాయి. ఒకటీ రెండూ కాదు, ఆకాశం నిండా. ఓడ తేలే బండరాళ్ళ మధ్య దూరి పారిపోతుంటే పక్షులు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మగ్గంలో నాడె ఆడినట్టు వెంటపడ్డాయి. బెంచీల మీద జనం అటూ ఇటూ వాలిపోయారు. ఒకావిడ పక్కావిడ చేయి గిచ్చి పట్టుకుంది. అమృతవల్లి ఏమీ వివరించాల్సిన పని లేకపోయింది. "వచ్చినాయి" అంది, అంతే.

అప్పుడు ఎవరూ అనుకోనిది జరిగింది. పక్షులు ఓడను చుట్టుముట్టి పొడవలేదు. ఒక పక్షి అద్దం కిటికీ దగ్గరకు వచ్చి ముక్కుతో మెల్లగా తట్టింది. ఇంటికి వచ్చిన మనిషి తలుపు తట్టినట్టే తట్టింది. పొడిచే పక్షికి భయపడడం జనానికి అలవాటే, తట్టే పక్షిని చూసి మాత్రం అమృతవల్లే కుర్చీ వెనక్కి జరుపుకుంది. పక్షి పక్కకు తొలగింది. దాని వెనక, ఇంకో పక్షి వీపు మీద, ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తలకు అద్దపు తొడుగు, లోపల ముఖం ఒక పక్క కాలిన మచ్చ. అద్దం మీద అరచేయి ఆనించి, అక్కను చూసి, చిన్నప్పుడు ఆమెను పిలిచే ముద్దుపేరుతో పిలిచాడు.

"తమ్ముడు!" అంది అమృతవల్లి మైకులో. "తమ్ముడే. బతికే ఉండాడు. తంబి ఉయిరోడ ఇరుక్కాన్!"

హాలు హాలంతా కేక వేసింది. ఆ కేకలో తిరుత్తణి జనానికి ఆశ్చర్యం లేదు, సంతోషమే. నాలుగేళ్ళుగా తెలిసిన మనిషి కళ్ళకు కనపడ్డాడు, అంతే. కానీ వెనక కుర్చీల్లో ఒకే ఒక్కడు నిటారుగా లేచి నిలబడ్డాడు. అతను ద్వారకనాథ్. చచ్చిపోయిన పిల్లవాణ్ణి నాలుగేళ్ళ తర్వాత చూసి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు. వెనకవాళ్ళు కూర్చోమని అరుస్తున్నా అతనికి వినిపించలేదు.

అమృతవల్లికి నవ్వు వచ్చింది, కన్నీళ్ళు వచ్చాయి. మైకు పోలేదు, మాట నిలబడింది. గల్లా దగ్గర తలుపు సందులోంచి చూస్తున్న పొన్నుస్వామి వైపు తల ఎత్తి చూసింది. ఆ సంతోషం ఆమెకు ఎంతోసేపు దక్కలేదు.

తెర మీద తమ్ముడు మళ్ళీ మాట్లాడాడు. నెమ్మదిగా, ఒక్కో మాట విడదీసి మాట్లాడాడు. ఇంగ్లీషు రానివాళ్ళకు కూడా ఏదో అడుగుతున్నాడని తెలిసిపోయింది. అమృతవల్లికి అర్థమైంది. అర్థమై, చెప్పలేకపోయింది.

"ఏమంటా ఉండాడు?" అన్నారు ముందు బెంచీల వాళ్ళు. "చెప్పక్కా! సొల్లుమ్మా!"

ఆమె చెప్పకపోయినా తెర చెప్పింది. సినిమా తీసినవాళ్ళు అక్కడ మొదటి భాగం చివరి రీల్లోని ముక్కను మళ్ళీ చూపించారు. తిరుత్తణి ఏనాడూ చూడని ముక్క అది. ఓడ తలుపు. దానికి చిన్న అద్దం. అద్దానికి అటుపక్క పిల్లవాడు పరుగెత్తి వస్తున్నాడు. ఇటుపక్క అక్క. ఆమె కళ్ళు నేరుగా పిల్లవాడి మీదే ఉన్నాయి. అరవలేదు, పిలవలేదు. అలా చూస్తూనే పిడి కిందికి లాగింది. తలుపు పడింది.



"నన్ను చూసినావు," అంది అమృతవల్లి మైకులో. తమ్ముడి మాటను చెప్పక తప్పింది కాదు. "నన్ను చూసినావు అక్కా. చూసే మూసినావు." తెర మీద అక్క తల దించుకుని ఒకే మాట అంది. అమృతవల్లి దాన్నీ చెప్పింది. "అవును. చూసినాను."

విశ్రాంతికి ఇడైవేళై అని తెర మీద స్లైడు పడింది. దీపాలు వెలిగాయి.

మామూలుగా విశ్రాంతి అంటే వేరుశనక్కాయలవాడి కేకలు, సోడాల చప్పుడు. ఆ రోజు ఎవరూ బయటికి పోలేదు. అందరూ అమృతవల్లినే చూస్తున్నారు. పళ్ళిపట్టు తిరుమలమ్మ బెంచీలోంచి లేచి వచ్చింది. మొదటి భాగాన్ని వారంలో మూడుసార్లు చూసిన మనిషి.

"అక్క చూడలేదంటివి గదా," అంది. ఆమె గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ ఉంది. "మా అక్క నాకు చేసిన అన్యాయానికి ఆయమ్మతో మాటలు మానేసి ఉంటిని. నీ కథ విని, ఆయమ్మకీ తెలిసి ఉండదులే అని, నేనే పోయి పలకరించినాను. ఇప్పుడు చూసి మూసిందంటా ఉండావు. నువ్వు ఏది నిజమంటే అది నమ్ముకుంటూ పోవాల్నా మేము?"

"పొయ్! ఎల్లామే పొయ్! అంతా అబద్ధం!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఇంకొందరు అందుకున్నారు. తనను పొగిడిన నోళ్ళే అబద్ధాలకోరు అంటుంటే అమృతవల్లి గుండె చిక్కబట్టుకుంది. పొన్నుస్వామి వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు.

"తమ్ముడు బతికినాడు, అది సరి," అన్నాడు ఎప్పటికంటే మెల్లగా. "ఇది సరి లేదు. నువ్వే కల్పించినావా, ఎవురైనా చెప్పినారా? ఇంటర్వెల్ గంట కొట్టినాక ఈ మైకులోనే జనానికి చెప్పు. చెప్పలేవంటే రెండో సగం నువ్వు లేకుండానే నడుస్తాది, ఆ తర్వాత ఎప్పుడూ నడుస్తాది."

ద్వారకనాథ్ జనాన్ని తోసుకుని పొన్నుస్వామి దగ్గరకు వచ్చాడు. అతని ముఖం ఇంకా తేరుకోలేదు. "ముదలాళీ, ఆయమ్మను పక్కన పెట్టండి. ముందు నా మాట వినండి," అన్నాడు. "నేను ఓడిపోయినాను. ఒకటోది చూసినప్పుడు నేను అక్క కోసం ఏడ్చినాను. తమ్ముడు పోయినాడే, ఆయమ్మ ఎట్ల బతుకుతాదో అని. ఆయమ్మ కండ్లు అద్దంలో చూడనైతే చూసినాను, అయినా తప్పులేదులే, జనాన్ని కాపాడిందిలే అని సర్దుకున్నాను. వాడు ఇప్పుడొచ్చి అద్దం తట్టి అడిగితే, నేను ఆ పొద్దు ఏడ్చినందుకు సిగ్గేస్తా ఉండాది. రెండోది వచ్చి ఒకటోదాన్నే మార్చేసింది సార్. మజ్జిగలో నీళ్ళన్నాను, నా చెంప నేనే వేసుకోవాల."

ఇంకో రోజైతే ఆ మాటకు అమృతవల్లి ఎగిరి గంతేసేది. ఇప్పుడు ఆమె చెవికి ఎక్కలేదు. ఆమె కళ్ళు గేటు దగ్గర ఉన్న మొగుణ్ణి వెతుకుతున్నాయి. వెళ్ళి అతని చేయి పట్టుకుని, మారు మాట్లాడనివ్వకుండా తెర వెనకకు లాక్కుపోయింది.

"బావా, నువ్వు నాకేం చెప్పినావు? అక్క చూడలేదంటివి. చూసింది గదా! కండ్లు పెట్టి చూసింది! నాకెందుకు అబద్ధం చెప్పినావు?"

"అబద్ధం చెప్పలేదు," అన్నాడు కోదండరామ.

"మరి ఇప్పుడు తెర మీద చూసినావు గదా, ఏమంటావు?"

అతను చేతిలోని టిక్కెట్టు ముక్కలను వేళ్ళతో సర్దుతూ నిలబడ్డాడు.

"చూడలేదా నువ్వు?"

"తలుపు పడిన చప్పుడు విన్నాను. ఆ పొద్దూ అంతే, ఈ పొద్దూ అంతే. తలుపు పడేదానికి ముందు ఎవురూ ఏమీ అనలేదు. తమ్ముణ్ణి చూసుంటే అరుస్తాది గదా, పేరు పెట్టి పిలుస్తాది గదా. పిలవలేదు, కాబట్టి చూడలేదనుకున్నాను. కొంచేపటికి పిల్లోడి నవ్వు వినబడింది. బతికినాడనుకున్నాను. పక్షి కడుపులోనుంచి నవ్వినట్టే ఉండింది, గొంతు అట్ల డొల్లగా మోగింది."

టేపులో నవ్వు. ద్వారకనాథ్ పొద్దున చెప్పింది అదే. అమృతవల్లి మొగుడి ముఖంలోకి చూసింది. అతను ఆమె వైపే తిరిగి ఉన్నాడు. అయినా ఆ చూపు ఆమె చెవి పక్కగా ఎక్కడో ఆగింది. ఎన్నాళ్ళుగా అలా ఆగుతోందో! అతనికి సిగ్గు ఎక్కువ, నేరుగా చూడడని అనుకుంటూ వచ్చింది.

"బావా," అంది, "నీకు ముఖాలు కనపడవా?"

అతను తల అడ్డంగా ఊపాడు. "మనిషి వచ్చేది తెలుస్తాది. నడక తెలుస్తాది. నువ్వు మాట్లాడితే నువ్వని తెలుస్తాది. ముఖం కాడ మాత్రం పొగ పట్టినట్టు ఉంటాది. బొమ్మలో అయితే ఎవురు ఎవురో గొంతులతోనే పట్టుకుంటాను."

"ఎప్పటినుంచి?"

"మగ్గం దిగేదానికి ముందు నుంచీ. పోగు తెగితే యాడ తెగిందో కనపడేది లేదు."

"చేయి నొప్పంటివి గదా! రోజూ నూనె కాచి రుద్దినాను గదా నేను!"

"చేయి నొప్పంటే నూనె రుద్దుతారు. కండ్లు లేవంటే ఏం చేస్తారు? రైల్లో రీళ్ళ పని పొన్నుస్వామి ఇస్తాడా? మీ నాయన నిన్ను నా దగ్గర ఉంచుతాడా?"

అమృతవల్లికి ముందు కోపం వచ్చింది. దాచుకోవడమెందుకు, బాగా కోపం వచ్చింది. ఇన్నేళ్ళు ఒకే కంచంలో తింటూ, ఒక ముక్క చెప్పకుండా, తనను వెర్రిదాన్ని చేశాడని. ఆ వెనకనే, ఆ కళ్ళతో రీళ్ళ పెట్టెలు నెత్తిన పెట్టుకుని తిరువళ్ళూరు స్టేషన్లో పట్టాలు దాటుకుంటూ వచ్చాడని తోచింది. తన కోసమే కదా సినిమాకు పోయి కూర్చునేవాడు. కనపడని బొమ్మను చెవులతో విని, ఒక్క మాట పోనీకుండా మోసుకొచ్చి తనకు చెప్పేవాడు. ఆ మాటల మీదనే తను అమృతవల్లి అయింది.

"ఏం చెప్పమంటావు ఇప్పుడు జనానికి?" అని అడిగింది. "నేను కల్పించినానంటే మైకు పోతాది. నీ పేరు చెబితే నీ పని పోతాది."

"చెప్పేసెయ్," అన్నాడు అతను. "దాచి దాచి నాకూ చాలైంది. టిక్కెట్లు చించేది చేతులే గదా, అది కూడా వద్దంటే పాండూరులో మా చిన్నాయన చేను ఉండాది. నీకు మాత్రం మైకు పోగూడదు." ఆ మాట అని అడుగు వేయబోయి, ఉన్నట్టుండి ఆగాడు. "అమ్మ వచ్చిందా ఆటకు?"

"వచ్చింది. పాపను ఒళ్ళో పెట్టుకొని ముందు బెంచీలోనే ఉండాది. చూడ..." చూడలేదా అనబోయి నాలుక కరుచుకుంది.

"అట్లయితే వద్దు. అమృతా, వద్దు. నీకు దండం పెడతాను, అమ్మ ముందర వద్దు."

"ఎందుకు? అత్తకు తెలిస్తే ఏమైతాది?"

గంట మోగింది. "అమృతవల్లీ!" అని పొన్నుస్వామి పిలుపు. కోదండరామ ఆమె కొంగు పట్టుకున్నాడు. ఆమె విడిపించుకుని బయటికి వచ్చింది.

దీపాలు ఇంకా తీయలేదు. మైకు ముందు నిలబడితే హాలంతా కనిపించింది. తిరుమలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. నేనే కల్పించాను, తప్పైపోయింది అని ఒక మాట అంటే అయిపోతుంది. కానీ అదీ అబద్ధమే. నమ్మిన మనుషులకు ఇంకో అబద్ధం చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

"అక్కలారా, అన్నలారా," అంది. "అక్క చూసింది. చూడలేదని మీకు చెప్పింది తప్పు. నేను ఆ రీలు చూడలేదు. నాకు ఒకరు చెప్పినారు."

"ఎవురు చెప్పినారు? ఎవుడు వాడు? యాడుండాడు?"

"మా ఆయన. కోదండరామ." కేకలు లేచాయి. ఆమె గొంతు పెంచింది. "ఆయన మిమ్మల్ని మోసం చెయ్యలేదు. ఆయనకు ముఖాలు కనపడవు. ఏండ్లుగా కనపడవు. నాకు కూడా ఇప్పుడే తెలిసింది. అక్క కండ్లు ఎవురిని చూసినాయో ఆయనకు ఎట్ల తెలుస్తాది? వినింది నాకు చెప్పినాడు, నేను మీకు చెప్పినాను. మీకు మైకు తీసెయ్యాలనిపిస్తే తీసెయ్యండి."

కేకలు ఆగిపోయాయి. తిరుమలమ్మ కొంగు నోటి మీద నుంచి జారింది. పొన్నుస్వామి తెర వెనక నుంచి వచ్చిన కోదండరామ వైపు చూసి, తన జీతగాణ్ణి ఎప్పుడూ చూడనట్టు చూస్తూ ఉండిపోయాడు. ఎవరో ముసలాయన "అయ్యో పావం" అన్నాడు.

అప్పుడు ముందు బెంచీలోంచి గోవిందమ్మ లేచింది. కోడలి మాటకు కొడుకు కోసం ఏడుస్తుందనుకున్నారు పక్కవాళ్ళు. ఆమె కంట్లో తడి లేదు. చంకలో మనవరాలిని అదిమి పట్టుకుని, ఒళ్ళంతా ఊగిపోతూ కోడలి వైపు వేలు చూపించింది.

"ఊరందరి ముందర చెప్పేస్తివా! మీ మామకు కండ్లు పోయినప్పుడు నేను నోరు తెరిచినానా? వీడికి పోతా ఉంటే తెరిచినానా? ఇంత కాలం ఈ మాట గడప దాటనీకుండా పెట్టుకొంటి. ఇంక దీన్ని ఎవురు చేసుకుంటారే!"

"దీన్నా?" అంది అమృతవల్లి. ఆ మాట మైకులో పడి హాలంతా మోగింది. "పాపకేమైంది అత్తా? పాప కండ్లకేమైంది?"

అమ్మ గొంతు విని పాపకు సంతోషం పట్టలేదు. "అమ్మా!" అని రెండు చేతులూ చాపింది. అమృతవల్లి ఎదురుగానే, వెలుతురులోనే నిలబడి ఉంది. పాప చేతులు ఆమె వైపు చాచలేదు. గోడ మీద, మాట వినిపిస్తున్న స్పీకరు పెట్టె వైపు చాచి, దానికేసి నవ్వుతోంది.